గంటన్నర బ్యాటరీ

ఇంత బరువేంటమ్మా ఇది! లోపల ఇటుకలేమైనా పేర్చారా? పట్టుకు చూడండి, మీరే పట్టుకు చూడండి. పైగా బ్యాటరీ గంటన్నర! అది దాటిందంటే గుడ్లు తేలేస్తుంది. యూనివర్సిటీలో చదువుకునే మనిషికి అమ్మే లాప్‌టాపేనా ఇది?

ఏంటీ? కొనేటప్పుడే చెప్పారా?

ఆ... చెప్పారు లెండి. ఇదే కౌంటర్ దగ్గర, ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి మరీ చెప్పారు. "చదువుకోడానికైతే వద్దండీ. ఇంట్లో ఒకచోట పెట్టుకుని వాడేవాళ్ళు కొంటారు దీన్ని" అన్నారు. ఆ మాటకే నేను పడిపోయాను.

కాసేపు కూర్చోవచ్చా? వెనకాల ఎవరూ లేరుగా.

నేను టైలర్నండీ. మా ముందు గదే షాపు. రెండు మిషన్లు, ఎదురెదురుగా. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. కత్తిరించడం, కుట్టడం నా వంతు. కాజాలు, గుండీలు, అంచులు తన వంతు. ఇరవై రెండేళ్ళు అలాగే. పిల్లల్లేరు మాకు. తెగ కబుర్లాడుకునేవాళ్ళమా అంటే, అదీ లేదు. "కత్తెర ఇటివ్వు." "నల్లదారం అయిపోయిందండీ." అంతే. కానీ తలెత్తితే ఎదురుగా మనిషి కనబడేది.

పెళ్ళికి ముందు మధ్యలో ఆగిపోయిన చదువు తనది. నలభై నాలుగో ఏట మళ్ళీ పరీక్ష రాసింది. చరిత్రలో సీటొచ్చింది. నాతో చెప్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వానండీ, ఆ రోజు అందులో అబద్ధం లేదు.

క్లాసులు మొదలయ్యాక... ఏం చెప్పను! పొద్దున పోతే సాయంత్రానికి రావడం. ఎదురుగా తన మిషను, దానిమీద కప్పిన గుడ్డ. నా మిషను ఆపితే ఇల్లంతా ఆగిపోయినట్టుండేది. అందుకని ఆపేవాణ్ణి కాదు. పనిలేకపోయినా ఏదో పనికిరాని ముక్క పెట్టి తొక్కుతూ కూర్చునేవాణ్ణి. నవ్వొస్తోందా? నవ్వండి, ఫర్లేదు.

అప్పుడు లాప్‌టాప్ కావాలంది. ఏది కొనాలో క్లాసులో ఎవరినో అడిగి చీటీ మీద రాయించుకొచ్చింది. తేలిగ్గా ఉండాలి, రోజంతా చార్జింగ్ నిలవాలి, టైపు చేస్తే వేళ్ళు నొప్పెట్టకూడదు. "నాకు క్లాసుంది, మీరే వెళ్ళి తెచ్చిపెట్టండి" అని ఆ చీటీ నా చేతిలో పెట్టింది. నమ్మి పెట్టింది.

మీరు చీటీ చూడగానే తీసి ముందు పెట్టారు. సన్నటిది, బూడిద రంగుది. ఒంటిచేత్తో ఎత్తాను. ఇది చేతిలో ఉంటే మా ఆవిడ ఎక్కడైనా కూర్చుంటుంది అనుకున్నా. లైబ్రరీలో, మెట్లమీద, ఎవరి గదిలోనో. ఇంక ఇంటికెందుకొస్తుంది?

పక్కన ఇది కనబడింది. "ఇదెవరు కొంటారమ్మా" అని నేనే కదూ అడిగింది? మీరు చెప్పారు. ఇంట్లో ఒకచోట అన్నారు. నాకు వెంటనే ఆ గది కళ్ళముందు కదిలింది. తన మిషను పక్కనే ప్లగ్గుంది కూడాను.

ఇంటికెళ్ళి స్టాకు లేదన్నాను. "అది అయిపోయిందట, దానికంటే ఇదే మంచిదని షాపులో చెప్పారు" అన్నాను. మీ మీదకి నెట్టేశా. ఏమనుకోకండి.

తనేమో "తెర పెద్దది, బాగుంది" అంది. మర్నాడు దీన్ని సంచిలో పెట్టి, భుజాన తగిలించుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో వదిలేసి వెళ్తుందనుకున్నానండీ నేను! రోజూ మోసింది. నాలుగు నెలలు.

మొన్న చార్జర్ మర్చిపోయి వెళ్ళింది. ఇచ్చొద్దామని బయల్దేరా. లైబ్రరీలో పెద్ద బల్ల, చుట్టూ వాళ్ళ క్లాసువాళ్ళు. ఒకరి తెరలోకి ఒకరు తొంగిచూస్తూ, కిసుక్కున నవ్వుకుంటూ. వాళ్ళలో మా ఆవిడ లేదు. అడిగితే ఓ అమ్మాయి, "ఆంటీయా? అటు వెనక్కెళ్ళండి. రోజూ అక్కడే కూర్చుంటారు" అంది.

వెళ్ళా. పుస్తకాల బీరువాల వెనక, గోడవార, నేలమీద కూర్చునుంది. ప్లగ్గు ఉన్నది అక్కడేనట. ఒళ్ళో ఈ బండ. చార్జింగ్ అయిపోయి తెర నల్లగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. అవతల బల్ల దగ్గర నవ్వు వినబడినప్పుడల్లా తనూ కొంచెం నవ్వుతోందండీ. ఎందుకు నవ్వుతున్నారో తనకి తెలీదు. అయినా నవ్వుతోంది.

నన్ను చూసి గబుక్కున లేచింది. "ఇక్కడైతే గోల ఉండదండీ, హాయిగా ఉంటుంది" అంది. నేనేమీ అడగలేదు. అడక్కుండానే చెప్పింది.

నిన్న తనకి చలికోటు కుడదామని కొలతలు తీశా. కుడి భుజం అరంగుళం కిందికుంది. మళ్ళీ కొలిచా. మనుషుల్ని కొలవడమే నా బతుకు, పొరపాటు పడను. పుస్తకంలో రాద్దామంటే చెయ్యి రాలేదు. రెండు భుజాలూ ఒకటేనని రాశా.

ఏంటీ? నాలుగు నెలలయ్యాక మార్చరా? తెలుసమ్మా. మార్చమనడానికి రాలేదు, ఊరికే అరిచా. ఆ బూడిద రంగుది తియ్యండి. డబ్బు తెచ్చాను. దీంట్లో ఉన్నవన్నీ దాంట్లోకి వెయ్యండి, ఒక్క అక్షరం పోకూడదు. నాలుగు నెలల రాత అది. ఇవాళ సెలవు, తను బజారుకెళ్ళగానే పట్టుకొచ్చేశా.

బ్యాటరీ ఎంతన్నారు? పధ్నాలుగు గంటలా!

పధ్నాలుగు గంటలు... సరే. కానివ్వండి.

ఆవిడకేం చెప్తానా? స్టాకొచ్చిందని చెప్తా. నిజం చెప్పేయమంటారా? చెప్తే కోప్పడదండీ తను. కోప్పడితే బావుణ్ణు. జాలిపడుతుంది. రేపట్నించి క్లాసవగానే పరుగున ఇంటికొచ్చేస్తుంది, ఆ మిషను ముందు కూర్చుంటుంది.

నాకు కావలసిందీ అదే. అందుకే చెప్పను.

ప్యాక్ చెయ్యండమ్మా.