నవ్వుల గ్యాసు పట్టించిన చేపల లారీ

"తాళాలు ఇచ్చేస్తానండి సుజనమ్మ గారూ, ఎక్కడికీ పారిపోను. లోడు ఎందుకు లేటయిందో ఒక్క ముక్క చెప్పనివ్వండి. విన్నాక మీరే, యాకోబూ, ఈ లారీ నువ్వే తోలాలయ్యా అంటారు," అన్నాడు డ్రైవరు యాకోబు, రేపల్లె బస్టాండు ఎదురుగా అంకమ్మ టీ కొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని.

సుజన గారిది చేపల వ్యాపారం. నిజాంపట్నం హార్బర్లో ఎక్కిన చేపలు తెల్లారేసరికి తెనాలి మార్కెట్లో దిగాలి. ఇవాళ మిట్టమధ్యాహ్నం దిగాయి. అందుకే లారీ తాళాల కోసం ఆవిడే స్వయంగా వచ్చి కూర్చున్నారు. పక్కనే హార్బరు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే లూకా టీ ఊదుకుంటున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని అంకమ్మత్తకి తెలుసు. నేను చేసిందల్లా చిన్న రిపేరు. మన డీజిలు బండికి పికప్ తక్కువ గదండి, లోడేస్తే ఈడ్చుకుంటా పోద్ది. తెనాలిలో పళ్ళ డాక్టర్ల దగ్గర నవ్వించే గ్యాసని ఒకటుంటది, పన్ను పీకేముందు పీల్పిస్తారు. అదే ఇంజనుకి పట్టిస్తే బండి లగెత్తుద్దని ఫోన్లో వీడియో చూశా. ఓ సిలిండరు సంపాదించి, సెలైను గొట్టం తగిలించి, ఇంజను గాలి పీల్చే పైపులో దూర్చా. చుక్కచుక్కగా వదలాలి, అదీ కిటుకు. పెద్ద పెద్ద మెకానిక్కులకే తెలీదు."

"పేలలేదా?" అంది అంకమ్మ.

"పేలటం కాదత్తా, నవ్వింది. ముందు కిసుక్కుమంది, తర్వాత పొగగొట్టంలోంచి పకపకా నవ్వుకుంటా బయల్దేరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేపల్లెలో పాసింజరు రైలు కదుల్తుంటే దాన్ని దాటేశా. భట్టిప్రోలు దాటాక అద్దంలో చూస్తే బండి నీడ కనపడలా. పాపం, వెనకబడిపోయింది. ఆగి ఎక్కించుకోవాల్సొచ్చింది."

"చీకట్లో నీడేంటయ్యా?" అన్నారు సుజన గారు.

"ఆ స్పీడు చూసి సూర్యుడే కంగారుపడి లేచాడండి. ఈలోగా వేమూరులో గ్యాసు లీకైంది. రైలు గేటు వేసే ఆయన నవ్వాపుకోలేక గేటు వదిలేశాడు, కాగితాలు అడగొచ్చిన పోలీసాయన నా భుజం మీద పడి నవ్వాడు. వెనక ఐసులో చచ్చిపడున్న చేపలు లేచి ఒకదాన్నొకటి గిల్లుకోవటం మొదలెట్టినయ్యి. వంజరాలు నయం, కాస్త మర్యాద ఉంది. ఆ రొయ్యలకైతే సిగ్గే లేదండి, పడీపడీ నవ్వటమే."

"అయితే తెనాలి తొందరగానే చేరుండాలే," అన్నారావిడ.

"చేరానండి, ఆగటమే కుదర్లా. బ్రేకు తొక్కితే బ్రేకుకి చక్కిలిగింతలు. తెనాలి ఇట్టా కనపడి అట్టా వెళ్ళిపోయింది. కళ్ళు మూసి తెరిస్తే బాపట్ల, ఇంకోసారి మూస్తే సూర్యలంక బీచి. అక్కడితో రోడ్డయిపోయింది గానీ ఆ సంగతి బండికి తెలిస్తేగా? సముద్రం మీదే పోనిచ్చా. టైర్లు తడిస్తే ఒట్టు. ఒడ్డెంబడే తిరిగి ఎక్కడ తేలానంటారు? నిజాంపట్నం హార్బర్లో. ఎంత స్పీడంటే టైము వెనక్కి తిరిగి, లేచిన సూర్యుడు మళ్ళీ పడుకున్నాడు. అక్కడ మన లారీయే లోడెక్కి, తాళ్ళు కట్టేసి ఉంది. క్యాబిన్లో ఎవడా అని తొంగి చూస్తే, నేనే. నన్ను నేను చూసుకున్నానండి, ఈ రెండు కళ్ళతో. రెండు లారీలు, ఇద్దరు యాకోబులు, ఎవరు ఎటు పోవాలో తేల్చుకునేసరికి మధ్యాహ్నమైంది. ఇంత కష్టపడ్డోణ్ణి పట్టుకుని తాళాలు అడుగుతారా?"

లూకా గ్లాసు కింద పెట్టాడు.

"క్యాబిన్లో నిన్ను నువ్వు చూశావు కదన్నా, మరి లేపకపోయావా?" అన్నాడు. "ఐసెక్కించిన కాణ్ణించి పొద్దెక్కేదాకా తలుపు బాదీ బాదీ నా చేతులు వాచినయ్యి."

అంకమ్మ టీ వడగడుతూ వడగడుతూ గ్లాసు బయట పోసేసింది. బల్ల మీదున్న వాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. సుజన గారికైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

యాకోబు మాత్రం తగ్గలేదు. "చూశారా," అన్నాడు, "ఇంకా లీకవుతానే ఉంది."

సుజన గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే రెండో చెయ్యి చాపారు. నవ్వు ఆగలేదు గానీ, తాళాలు పడేదాకా ఆ చెయ్యి దిగలేదు.