ఊ కొట్టకు

ఒసే ఆశ్రితా, ఆ ఫోనలా పెట్టీసి కాసేపు కూకోయే. సందేళ నించీ ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతన్నావు, సూడ్లేక నా కళ్లు తిరుగుతన్నాయి. ఏటి, రేపు కాలేజీలో ఆ కొత్త రోబో సెయ్యి గురించి పిల్లలకి పాటం సెప్పాలి, అంతే కదా? లెక్చరర్‌వి, సెప్పడమే కదా నీ పని. ఏటీ? నీకే తెల్దా? మరి నిన్న కంపెనీ కుర్రోడొచ్చి అంతా సూపించీసి ఎల్లాడన్నావు? ఊ అనీసినావా! అర్థమైందా మేడమ్ అంటే ఊ అనీసి వచ్చీసినావా! ఓలమ్మ, అచ్చం మీ తాతే.

నవ్వకు. మీ తాత అప్పలసూరి మాస్టారు ఆ కాలేజీలోనే వర్క్‌షాపు సెప్పీవోడు కదా. ఇనుముని తిప్పి సెక్కీ లేతు మిషను మీద ఆయన్ని మించినోడెవుడు? ఇంట్లో మేకు కొట్టమంటే మాత్రం ఏలు కొట్టుకునీవోడు, అది యేరే సంగతి. అలగుండగా కాలేజీకి కంప్యూటరు లేతొచ్చింది. తిప్పడానికి హేండిలు నేదు, అన్నీ బొత్తాలూ, ఓ తెరానూ. కంపెనీవోడు గబగబా ఇంగ్లీషులో సెప్పీసి, "అర్థమైందా సార్?" అన్నాడట. ఈయన ఊ అన్నాడు. మన కాడ ఎవులేటి సెప్పినా ఊ అనకపోతే మర్యాద తక్కువ కదా. కత సెప్పినా ఊ, తిట్టినా ఊ. ఇంటికొచ్చి కంచం ముందు కూకుని మెతుకు ముట్టనేదు. "ఏటైనాదయ్యా?" అంటే దానికీ ఊయే.

ఆ ఊతోటే పిల్లలకీ సెప్పీసినాడు. ఈయన పుస్తకం సదవడం, ఆల్లు ఊ కొట్టడం. ఆల్లలో గంగులని ఆమదాలవలస కాడ రైతుల గుంటడు. వినయమంటే వినయం, నన్ను సూస్తే లేచి నిలబడీవోడు. పాసైపోనాడు, విశాఖపట్నంలో ఫేక్టరీ ఉద్యోగం. ఆల్లమ్మ జగ్గమ్మ ఊరంతా అరిసెలు పంచి నాకూ తెచ్చింది. కొంచెం మాడినాయి గానీ బాగున్నాయి. ఆ అరిసెలు డబ్బాలో ఉండగానే తిరిగొచ్చీసినాడే! రైలు దిగి ఇంటిక్కూడా ఎల్లనేదు, సంచీతో మా గుమ్మంలో నిలబడ్డాడు. "సూపర్‌వైజరు మిషను సూపించి తెలిసిందా అన్నాడండి. ఊ అన్నానండి. బొత్తం నొక్కితే పనిముట్టెల్లి ఇనుముని గుద్దీసి ఇరిగిపోనాదండి. నీకు సదువు సెప్పినోడెవుడ్రా అని తిట్టి పంపీసినాడండి." "నా పేరు సెప్పావా?" అన్నాడు మీ తాత. "నేదండి, తల దించుకున్నానండి" అన్నాడా గుంటడు. ఆ మాటకి మీ తాత గోడవేపు తిరిగిపోయి ఏడిసినాడే. పెల్లైనాక ఆయన ఏడవగా నాను సూడ్డం అదే మొదలు.

మర్నాడేటి సేసినాడనుకున్నావు? గంగుల్ని ఎంటబెట్టుకుని కాలేజీకెల్లి, ఆ కంపెనీవోణ్ణి మల్లీ పిలిపించి, పిల్లల మద్దిన బెంచీ మీద కూకుండిపోనాడు. "నాకు తెల్దు బాబూ, మొదట్నించీ తెలుగులో సెప్పు" అన్నాడు. ప్రిన్సిపాలు పరిగెట్టుకొచ్చి, "మాస్టారూ, కాలేజీ పరువు పోతుందండీ" అని సెవిలో గుసగుస. ఈయన అందరూ ఇనీలాగే, "పిల్లోడి ఉద్యోగం పోనాదండి, పరువొక లెక్కా?" అనీసినాడు. ఆయేల్టి నించీ ఆయన క్లాసులో ఎవుడైనా ఊ అన్నాడో, లేచెల్లి మిషను మీద సేసి సూపించాల్సిందే. "ఇదీ రేపు తుక్కులోకి పోయీదేరా, అడగడం నేర్సుకోండి" అనీవోడు. మొన్న దాన్ని తుక్కులో ఏసీసారట కదా, నువ్వే సెప్పావు. గంగులు మాత్రం ఎన్నో కంపెనీలు మారినాడు, ఎన్నో మిషన్లు మారినాయి, మల్లీ ఉద్యోగం ఊడి తిరిగి రానేదు.

ఇంటన్నావా? అదిగో, మల్లీ ఊ! నిన్ను కాదే, ఆ ఊని తన్నాలి. రేపు నీ ముందు కూకునీ గుంటలందరూ ఎవులో ఒక జగ్గమ్మ పిల్లలే కదే.

ఫోను మోగతన్నాది. ఎవులు? ఆ కంపెనీ కుర్రోడా? ఎత్తు. నా కేసి సూస్తావేటి, ఎత్తవే. ఏటంటన్నాడు, అంతా అర్థమైంది కదా అనా? మరి సెప్పు...

ఏటన్నావు? నాకు సరిగ్గా ఇనబడనేదు, మల్లీ అను. తెల్దండి, రేపొచ్చి పిల్లల్తో పాటు నాక్కూడా మొదట్నించీ సెప్పండి, అన్నావా? ఆ మాటే అన్నావా?

...

ఇలా రా. జడ సూడు, ఎలగూడిపోనాదో. దువ్వెన్న తే.