ఎనకోడు పిలవకూడదు

"తాతా, రేపు మేం పదిమందిమి సైకిళ్లల్లో పెనుకొండకి పోతాండాం. నువ్వు ఆ కాలంలో హిందూపురం దాకా తొక్కేవాడివంట కదా. చెప్పు, రికార్డు చేస్తా."

చెప్పకేం పాపా, చెప్తా. ఆ ఫోను తిన్నె మీద పెట్టు, నా మొగానికి పెట్టొద్దు, మాట తడబడతాది. ముందర నువ్వు చెప్పు, బ్రేకులు చూపిచ్చినావా? గాలి కొట్టిచ్చినావా? సరే. మీ పదిమందిలో అందరికంటే ఎనక వచ్చేదెవరు? చూడు, తెలీదంటావు. పొద్దున్నించి నేను అడగల్లనుకుంటాండేది అదే. మీ నాయనతో అంటే నవ్వె. హెల్మెట్టు ఉండాది లే నాయనా అంటాడు. హెల్మెట్టు తలకాయకు పాపా. ఎనక పడిపోయినోడికి అదేం చేస్తాది?

ఏందో అడిగితివి... ఆ, హిందూపురం. అరవైలోనో ఏమో, కాదు కాదు, మీ అవ్వ కాపురానికొచ్చింది అరవై రెండులో, దానికి ముందేడు. మేం నేసిన పెండ్లి చీరలు ఇచ్చేదానికి నలుగురం పోతాంటిమి. మా నాయన, మా అన్న నరసింహుడు, నేను, చౌడప్ప మామ. చౌడప్ప మామ అంటే మా పక్కింట్లో మగ్గం నేసేటాయన, మనిషి లావు, రవ్వంత ఎత్తొస్తే ఊపిరి చాలదు. రైలుండ్లేదా అంటావు. ఉండె. పెండ్లికి పట్టుచీర చెప్పేది ఎవరు, పల్లెల్లో భూములుండేటోళ్లు. వాళ్ల ఊర్లేమన్నా రైలు దావలో ఉంటాయా. రొళ్ల తట్టు, మడకశిర తట్టు. హిందూపురంలో రైలు దిగితే ఆడ్నించి బస్సు పొద్దుకొకటి, అదీ వస్తే వచ్చినట్ల. అందుకని సైకిళ్లు. పెనుకొండలో టీ అణా అప్పుడు. ఇప్పుడు పదైదు రూపాయలంట, గిలాసు చూస్తే ఉగ్గుగిన్నంత. ఉండు, ఆ తలుపు గాలికి కొట్టుకుంటాంది, గొళ్లెం పెట్టొస్తా.

ఆ. నాయన చెప్పినట్ల తొక్కల్ల, లేదంటే రావద్దు. నిదానంగా తొక్కేటోడు ముందర. గట్టోడు ఎనక. చౌడప్ప మామ ముందర, ఆయన ఊపిరి ఎంతో మా పరుగంత. ఆయనెనక నాయన, నాయనెనక నేను, అందరికంటే ఎనక మా అన్న. గాలిపంపు, పంచరు సామాను వాని తావనే. ఇద్దరిద్దరు పక్కపక్కన పోకూడదు, ముచ్చట్లు టీ అంగడిలో పెట్టుకోండి అనేవాడు. గుంతొస్తే ముందరోడు గుంత అనల్ల, వాని ఎనకోడు అనల్ల, అట్ల కడాకు పోవల్ల మాట. ఆడోళ్లు నీళ్లబిందెలు మోసుకోని వస్తాంటే దిగి నడవల్ల. గొర్రెలొస్తే దిగల్ల, గంట కొట్టకూడదు, బెదురుతాయి. ఇంగోటి పాపా, ఇది మీవాళ్లకు చెప్పు. ఎనకోడు వచ్చి దిగి నీళ్లు తాగి రవ్వంత కూకున్నాకనే ముందరోడు మళ్లా ఎక్కల్ల. వాడు రాంగానే మీరు లేస్తే వానికి కూకునేదెప్పుడు?

అన్నీ బాగుండె. ఒకటే. మాట ముందర్నించి ఎనక్కి పోతాది గానీ ఎనకనించి ముందరికి రాకూడదు. శుభానికి పోయేటోళ్లను ఎనకనించి పిలవకూడదు కదా. నవ్వొద్దు, మీ అమ్మ గూడా నువ్వు పరీక్షకు పోయేతప్పుడు గడపలో గమ్మున నిలబడలేదా? మేం మోసేది పెండ్లి చీర. తెల్లగుడ్డలో చుట్టి, మూలకు పసుపు పెట్టి, నాయన ఎదకు కట్టుకుంటాండె. సీటెనక పెట్టేది గూడా లేదు. చీర బయల్దేరినాక ఎనక్కి చూడకూడదు, ఎనక్కి తిరగకూడదు, ఎనకనించి పిలవకూడదు. అంతే.

ఆ పొద్దు చీర రొళ్ల తట్టు ఒక పల్లెకు. ఎర్రంచు చీర, ఒక పక్క నాయన, ఒక పక్క మా అన్న కూకోని నేసింది. మర్సనాడు తెల్లారి ముహూర్తం. పెందలకాడే బయల్దేరల్ల, ఏమాయ, రాహుకాలం అడ్డమొచ్చె. అది పోయేదాకా గడప దాటల్యా. పొద్దెక్కె. ఇంగ నాయనకు ఆరాటం. మామను తరమతాండాడు, తొక్కప్పా, తొక్కప్పా అని. మామ కాలిపోయిన ఇంజను మాదిరి పొగ... పొగేం లేదు లే, రొప్పతాండాడు.

పెనుకొండ ఇంగ రెండు మైళ్లుందనంగా దావకు అడ్డంగా గొర్రెల మంద. దిగల్ల కదా. నాయన దిగల్యా. నాయన దిగకపోతే మేమెట్ల దిగుతాం? సందు చూసుకోని ముగ్గురం దూరిపోతిమి. ఆడ్నించి పల్లం, సైకిలు దానంతట అదే పోతాది, చెవుల్లో గాలి తప్ప ఇంగోటి లేదు. ఎనక్కి చూసేదెవరు. మా అన్న గట్టోడు కదా. గట్టోని గురించి ఎవరికీ దిగులుండదు పాపా, అదే వచ్చిన తంటా.

పెనుకొండలో చెరువుకట్ట తావ టీ అంగడి. దిగితిమి. నాయన నాలుగు టీలు చెప్పె. మూడు తాగితిమి. నాలుగోది బల్లమీదే ఉండాది. వస్తాడు లేప్పా, చైను పడింటాది అని మామ. నాకు కూకోబుద్ధి కాదు, కట్టమీదికి పోతా, చూస్తా, వస్తా. నాయన కాలు కాలిన పిల్లి మాదిరి అంగడి ముందర తిరగతాండాడు, దావ తట్టు మాత్రం తలకాయ తిప్పడు. ఎదమీద చీర ఉండాది కదా. నాయనా, నా తావ చీర లేదు, నేను పోయి చూసొస్తా అంటి. గమ్మునుండు, కలిసి బయల్దేరినోళ్లం అనె. ఇంగ రవ్వసేపు. ఇంగ రవ్వసేపు. నాకు నోట్లో తడి ఆరిపాయ. ఇప్పుడు చెప్తాంటే గూడా ఆరతాంది చూడు, ఆ చెంబిట్ల అందీ.

ఆ టీ మీద మీగడ కట్టె. నాయన దాన్నే చూసె. చూసి, చీరమూట మీద చెయ్యి పెట్టుకోని,

"దీని సగం నేసినోడు ఆడుండాడు. వాడు లేకుండా ఇది యాడికీ పోదు" అని, సైకిలు ఎనక్కి తిప్పె.

మామ నెత్తిన చేతులు పెట్టుకునె. అప్పా, చీర తిప్పితివే, రేపు ఆ పిల్లకేమన్నా అయితే మనల్ని అంటారు, ఇంగ జన్మలో మన చేతి చీర ఎవరూ కొనరు అని. అనేది అంటాండె, ఎనక తొక్కుకోని వస్తానే ఉండె, పాపం. ఎత్తు గదా, దిగి తోసుకోని వచ్చె.

మంద లేదు. దావ ఖాళీ. ఎండ. ఒక తావ కంకర మీద గీరుకున్న గుర్తు. నాయన జీవితంలో ఎనక్కి తిరిగినోడు కాదు, దావ మధ్యలో నిలబడి అడిగె.

"నరసింహుడా, ఉండావా?"

"ఉండా నాయనా."

అడిగీ అడగకముందే వచ్చె పాపా ఆ మాట. దావ కిందుండే మోరీలోనించి. దిగి చూస్తే మోకాలి కింద ఎముక ఇరిగి, కాలు ఇట్ల పక్కకు తిరిగుండాది. మందలో కడాకుండే పొట్టేలు చక్రానికి అడ్డమొచ్చిందంట, వాడొక తట్టు, సైకిలొక తట్టు. గొర్రెలాయన ముసలాయన, మందను తోడోనితో పంపిచ్చి, వాణ్ణి నీడకు లాగి, తలకాయ ఒళ్లో పెట్టుకోని కూకోనుండాడు. ఆయన చెప్పె, మీరు ఆ మలుపు గూడా తిరగలేదప్పా, నేను కేకేస్తానంటే మీవోడు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టె, పెండ్లి చీర పోతాంది, పిలవద్దు అని. ఎముక ఇరిగినోడు. మా ముగ్గురి వీపులు చూస్తా దావలో పండుకోనుండాడు.

నాయన వాని కాలు తట్టు గూడా చూడల్యా. ఆ ముసలాయనకు దండం పెట్టె. తర్వాత ఏడ్చె. మా నాయన ఏడ్చంగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎద్దులబండి పట్టుకోని అన్నను పెనుకొండ ఆస్పత్రికి చేర్చి, మామను వాని తావ పెట్టి, నేనూ నాయనా హిందూపురం మీద ఆ పల్లె చేరేతలికి తెల్లారిపాయ. వాయిద్యాలు మొదలైనాయి. చీర ఇచ్చి గమ్మునుంటే ఎవరికి తెలుస్తాది? నాయన గమ్మునుండల్యా. పెండ్లికూతురి అవ్వను పక్కకు పిలిచి, అమ్మా, ఈ చీర దావలో ఎనక్కి తిరిగింది, వద్దంటే తీస్కపోతా అనె. ఆ యమ్మ తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాది. ఎందుకు తిరిగిందని అడిగె. చెప్పె నాయన.

"మగ బతికినాడా?" అనె. మగ అంటే బిడ్డ వాళ్ల మాటలో.

"బతికినాడమ్మా."

"అయితే ఇట్ల తా. ఎనక్కి తిరిగి మనిషిని తెచ్చుకున్న చీర, మా పిల్లకు మంచిదే."

ఆ పిల్ల ఏమాయ అంటావా? బాగుండె. అయిదారేండ్లకు వాళ్లింట్లోనే ఇంగో పెండ్లికి చీర చెప్పిరి, మాకే.

అన్నకు ఎముక అతుక్కునె గానీ కుంటు మిగిలె. మళ్లా సైకిలెక్కల్యా. ఎనకపక్క నాకొచ్చె. నాయన అప్పట్నించి మైలురాయి కనపడితే చాలు, ముందర్నించి ఉండామా అని అడుగుతాండె. ఎనకనించి నేను ఉండామప్పా అంటాంటి. అడిగినదానికి బదులు చెప్తే పిలిచినట్ల కాదు కదా. ఆచారం ఆచారమే ఉండె, మనిషీ ఉండె. అడిగేదానికి ఏం ఖర్చు పాపా? అంతకు ముందు ఎవరికీ తోచల్యా.

మామ పాయ. నాయన పాయ. అన్న పోయినేడు పాయ, నీకు తెలుసు కదా, నువ్వే వచ్చి నన్ను పట్టుకోనుంటివి. అందరూ ముందర పోయిరి. నేను ఎనకపక్కోణ్ణి, ఇప్పుడూ అంతే. ఒక్కోసారి మధ్యాన్నం కునుకులో నాయన అడిగినట్లే ఉంటాది. లేచి కూకుంటా. మీ అమ్మ ఏం మామా అంటాది. ఏం లేదమ్మా అంటా.

ఆ ఫోను ఆపు ఇంగ, పండుకో పో, పొద్దున్నే లేవల్ల. ఆగు. రేపు నువ్వు గడప దాటినాక నేను పిలవను. జాగ్రత్త అని గూడా అనను, నోరు మూసుకోని ఈడే కూకుంటా. నువ్వు మీవాళ్లందర్నీ అడుగుతా పో, మైలుకొకసారి. పెనుకొండలో చెరువుకట్ట తావ దిగుతావు కదా, ఆడ టీ తాగేతప్పుడు నాకు గూడా ఒక ఫోను కొట్టు. ఉండావా తాతా అని అడుగు.

ఉండానమ్మా అంటా. చల్లగా పోయిరా.