ఐదో దగ్గు

సభాధ్యక్షులు, రాజధాని నుంచి విచ్చేసిన రైల్వే ఇన్‌స్పెక్టర్ శ్రీ ముంతెయాను గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఈ వెయిటింగ్ హాల్లో బల్లలు చాలక మూటల మీదే కూర్చున్న మిత్రులకు, పరస్కా పిన్ని ఒళ్లో నిద్రపోతున్న పెద్దబాతుకు ద్రుమోవా స్టేషన్ ఉప అధికారిగా నా నమస్కారాలు. (నవ్వులు)

ప్లాట్‌ఫారం మీద కేకవేసి జనాన్ని బండెక్కించే మన కాయెతాన్ బొహోసెవిచ్ గారు ఆరోగ్య కారణాల వల్ల ఈరోజు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ కారణం దగ్గు అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది కనుక, దాని పుట్టుపూర్వోత్తరాలు సభకు విన్నవించడం నా విధి.

చక్రవర్తి కాలంలో ఆయన ప్రతి బండికీ ఐదు భాషల్లో కేకవేసేవారు: జర్మన్, రుమేనియన్, ఉక్రేనియన్, పోలిష్, చివరగా యూదుల యిడ్డిష్. ఐదూ అందరికీ అర్థమయ్యేవే. అయినా తమ పిలుపు వచ్చేదాకా ఎవరూ లేవకపోవడం ఇక్కడి మర్యాద. తలుపు దగ్గర తోపులాట ఉండేది కాదు. అంత పెద్ద సామ్రాజ్యం ఆ వరుస మీదే నిలబడిందని నేననను, అధ్యక్షులవారు వింటున్నారు.

యుద్ధం ముగిసింది, గోడ మీది చక్రవర్తి పటం దిగింది, మన ఊరు రుమేనియాలో కలిసింది, పక్క జిల్లా పరదేశమైంది. ఇక పిలుపు రుమేనియన్‌లో మాత్రమే ఉండాలన్నారు. ఆ తర్వాతి సంతనాడు ఆయన ఒక్క కేక వేసి ఊరుకుంటే రుమేనియన్ రైతులు ఎక్కారు. మిగిలినవారు కదల్లేదు.

"ఏమ్మా పరస్కా, బండి కదులుతోంది, రావేం?" అని కిటికీలోంచి ఒక రైతు.

"మా పిలుపు కానియ్యవయ్యా! నీదైపోయిందిగా, నోరు మూసుకుని కూర్చో!"

బండి ముప్పాతిక ఖాళీగా వెళ్లింది. రాజధానిలో దీన్ని తిరుగుబాటుగా పరిగణించారు.

మరుసటి సంతకు బొహోసెవిచ్ గారు నిబంధన ప్రకారం రుమేనియన్‌లో పిలిచి, టోపీ సర్దుకుని, దగ్గారు. జర్మన్లు లేచారు. కాస్త ఆగి మళ్లీ దగ్గారు. ఉక్రేనియన్లు లేచారు. నాలుగో దగ్గుకు ప్లాట్‌ఫారం ఖాళీ. విచారణ జరిగింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"దగ్గుతున్నానండి."

"ఏ భాషలో?"

"అది వినేవాళ్లను అడగాలండి." (నవ్వులు. అధ్యక్షులవారు నీళ్లు తాగారు.)

డాక్టరుగారు పరీక్షించి, ఊపిరితిత్తులు గుర్రానికున్నంత గట్టిగా ఉన్నాయని రాశారు. అందుకే ఆరోగ్య కారణాలు.

ఈ సాయంత్రం బండికే ఆయన ల్వూవ్‌లోని చెల్లెలి దగ్గరకు సరిహద్దు దాటుతున్నారు. తిరిగొచ్చే అనుమతి లేదు. ఆ బండికి కేక వేయాల్సింది నేను. దగ్గనని రాసిమ్మన్నారు, రాసిచ్చాను. నిన్న ఆయనను అడిగాను, "ఏం చేయమంటారన్నా?" అని.

"గొంతు నీది, ఉద్యోగం నీది. నేను చెప్పేదేముంది తమ్ముడూ?" అన్నారు. మళ్లీ ఆయనే, "నేను ఆర్మేనియన్ని. నా భాషలో పిలుపు ఎప్పుడూ లేదు. పిలిచేది నేనే కనుక నాకెప్పుడూ లోటు తెలియలేదు. రేపు మాత్రం ఎప్పుడు లేవాలో తెలియడం లేదు" అన్నారు.

(బయట బండి కూత)

బండి కూత వినబడుతోంది. అధ్యక్షులవారికి, పూలు తెచ్చినవారికి, ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. రుమేనియన్‌లో పిలుస్తున్నాను: బండి వచ్చింది, దయచేయండి. రైతు సోదరులు లేచారు. సంతోషం.

క్షమించాలి, చలిగాలి. (దగ్గు) (దగ్గు) పరస్కా పిన్నీ, బాతు జాగ్రత్త. (దగ్గు) (దగ్గు)

హాలు ఖాళీ అయింది. అధ్యక్షులవారు కూర్చునే ఉన్నారు. బొహోసెవిచ్ గారూ కూర్చునే ఉన్నారు, పెట్టె ఒళ్లో పెట్టుకుని.

(దగ్గు)

లేవండన్నా. ఇది మీది. సెలవు.