కాగితం మీది పేరు

మీరంతా వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మా తమ్ముడు బతికుండగా ఈ హాల్లో వాడి మాట వినడానికి ఇంతమంది ఎప్పుడూ కూర్చోలేదు. పెద్దలకు, వాడితో కలిసి పాఠాలు చెప్పినవారికి, వాడి దగ్గర ఇంగ్లీషు చదువుకున్న పిల్లలకు నా నమస్కారం. నేను వాడి పెద్దక్కను. మాట్లాడటం నాకు అలవాటు లేదు. మా ఇంట్లో మాటలన్నీ వాడివే. పోయిన వారం పాఠం ముగించి, డస్టరు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

అమ్మ పోయేనాటికి వాడింకా పలక పట్టలేదు. నేనే సాకాను. కాస్త ఎదిగాక పాత పుస్తకాల కొట్లో వాడికి అట్ట లేని ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దొరికింది. ముందు పేజీలు చెదలు తినేశాయి. చివర, ఇంగ్లీషువాళ్లు రోజూ వాడుకునే లాటిన్ మాటలున్న పేజీలు మాత్రం మిగిలాయి. ఇంకేముంది? ఇల్లంతా లాటినే. పాలవాడు రాగానే గిన్నెలోకి తొంగిచూసి, "ఇవి బోనఫైడ్ పాలేనా?" అని అడిగేవాడు. నిజమైనవేనా అని. పాలవాడు కొన్నాళ్లు తెల్లమొహం వేసి, ఒకరోజు తెగించి, "బోనా లేదు గీనా లేదు బాబూ, కాసిని నీళ్లే" అన్నాడు. మా ఇంట్లో అది సామెతైపోయింది.

నన్నూ వదిలేవాడు కాదు. నేను ప్రార్థనకు కూర్చుంటే పక్కన చేరేవాడు. "అక్కా, అర్థం తెలియని మాటలతో నువ్వు దేవుణ్ణి పిలుస్తావు, నేను పాలవాణ్ణి పిలుస్తాను. పలికేది మాత్రం పాలవాడే" అనేవాడు. నేను నవ్వేదాన్ని. అప్పట్లో నవ్వొచ్చేది.

పిల్లలూ, మీకు మొదటిరోజు ఏం చెప్పేవాడో గుర్తుందా? "ఈ లాటిన్ మాటలున్నాయే, ఇవి ఇంగ్లీషు ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుళ్లు. పెత్తనమంతా చేస్తారు, ఇంటిపేరు మాత్రం మార్చుకోరు." మీరు నవ్వేవారట. ఆ తర్వాత మాట కూడా గుర్తుందా? "ఎదుటివాడికి అర్థం చెప్పకుండా వాడితే అది మాట కాదు, లోపలినుంచి వేసుకున్న గొళ్లెం." ఆ మాటకు నవ్వేవారు కాదట.

వాడు ఈ కాలేజీలోనే చదివాడు. "చదువుకున్న చోటును ఆల్మా మేటర్ అంటారక్కా. సాకిన తల్లి అని" అని నాకు చెప్పాడు. ఇక్కడే ఉద్యోగం వచ్చిన రోజు ఉత్తర్వు పట్టుకుని గుమ్మంలోంచే అరిచాడు. అందులో అడ్‌హాక్ అని ఉంది. "దీని కోసం అని అర్థమక్కా. నన్ను ఈ పని కోసమే తీసుకున్నారు" అన్నాడు. ఎంత మురిశాడో. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

స్టాఫ్‌రూములో అల్మారాల మీద అందరి పేర్లూ తెల్లరంగుతో రాసి ఉంటాయి. వాడి పేరు కాగితం మీద రాసి అతికించారు. ఏటా వేసవి సెలవులయ్యాక కొత్త ఉత్తర్వు, పాత కాగితం మీద కొత్త కాగితం. "నీ పేరెప్పుడు రాస్తార్రా?" అని నేనడిగితే, "రంగు కలుపుతున్నారక్కా" అనేవాడు. జుట్టు నెరిసేదాకా ఆ రంగు కలుపుతూనే ఉన్నారు.

చివరికి, ఉద్యోగం ఖాయం చేయమని తనలాంటి మరికొందరితో కలిసి కోర్టుకు వెళ్లాడు. మొదట స్టేటస్ కో అన్నారు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు. "ఉన్నది ఉన్నట్టే ఉండాలట. అంటే లేనిది లేనట్టే." ఆ నవ్వు కూడా మరో రెండేళ్లే. ఆ తర్వాత ఒక సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు. ఏమైందిరా అన్నాను. వాయిదా అన్నాడు. ఎప్పటికి అన్నాను. "సైనీ డై" అని ఊరుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు అర్థం చెప్పకుండా వదిలేసిన మాట అదొక్కటే. నేనే అడగాల్సి వచ్చింది. "రోజు లేదక్కా. ఏ రోజుకీ కాదు" అన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో లాటిన్ వినపడలేదు. పాలవాడే చూసి చూసి, "ఏం సారూ, ఈమధ్య బోనా లేదా?" అని కదిపాడు. వాడు గిన్నె అందించాడు. అంతే.

సాకిన తల్లి అన్నాడే. నేనూ సాకాను. సాకినవాళ్లు బిడ్డతో "ఈ ఏటికి ఉండు, పైయేటి సంగతి తర్వాత చూద్దాం" అంటారా? బిడ్డ పేరు గోరుతో గీకితే ఊడిపోయేలా రాస్తారా? నేను కోపంతో అడగడం లేదు. కోపానికి కాస్త ఆశ ఉండాలి.

నిన్న వాడి సామాను తీసుకుపోవడానికి స్టాఫ్‌రూముకు వచ్చాను. ఆ కాగితం నాకివ్వమని అడిగాను. అటెండరు మెల్లగా లాగితే ఏళ్లనాటి కాగితాలన్నీ ఒక్క అట్టలా ఊడి వచ్చాయి. సామాను ముట్టినట్టు సంతకం పెట్టడానికి మధ్యాహ్నం మళ్లీ వెళ్తే అక్కడ కొత్త కాగితం ఉంది. దాని మీద వాడి దగ్గర చదువుకున్న అమ్మాయి పేరు. జిగురు ఇంకా తడిగానే ఉంది.

ఆ అమ్మాయి ఇప్పుడు వెనక వరుసలో కూర్చుంది. నిన్న నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, చేరమంటారా, వద్దంటారా?" అని అడిగింది. రేపు చెప్తానన్నాను. తెల్లవారి ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. పలికేది పాలవాడేనని వాడు ఊరికే అనలేదేమో.

పిల్లలున్నారు, ఆశ కలిగేలా నాలుగు మాటలు చెప్పమన్నారు ప్రిన్సిపాల్ గారు. వెతికానండీ. నా దగ్గర లేవు.

తల్లీ, నువ్వు చేరకపోతే ఇంకొకరి పేరు అతికిస్తారు. ఇల్లు గడవాల్సినదానివి, వద్దనడానికి నేనెవర్ని? చేరు. సంతకం పెట్టేముందు మాత్రం, ఈ పని కోసమే అంటున్నారు, ఎన్నాళ్ల కోసం అని అడుగు. రోజు చెప్పమని అడుగు. చెప్తారని నేననను. మా వాడు అడిగాడు, నువ్వూ అడిగావు అని ఉంటుంది. అంతవరకే.

ఇక అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు మౌనం. గడియారం ఉన్నవారు దయచేసి చూస్తూ ఉండండి. ఒక్క క్షణం తగ్గనివ్వకండి, ఒక్క క్షణం మించనివ్వకండి. ఈ కాలేజీలో వాడి పని ఒక్కటైనా చెప్పిన వేళకు ముగియాలి.