గుట్టెక్కిన పికప్

సైబర్ టవర్స్ తెరిచిన ఏడాది అది. పాత పికప్‌కు పెద్ద టైర్లు, బరువు మోసేందుకు అడుగున అదనపు కమాన్ పట్టీలు వేసి నెల్లాళ్లు ఒళ్లు హూనం చేసుకున్నాడతను. తీరా పుప్పాలగూడ గుట్ట సగంలో ఓ రాయి దగ్గర వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పక్కన భార్య నవ్వింది.

“నవ్వకే. పైన పనోళ్లకు నీళ్లు చేర్చకుంటే ఈ కిరాయి పోతది.”

“ఎనక ఏమున్నదయ్యా?”

“ఖాళీ డ్రమ్ములు. ముందుగాల ఎక్కుతదో లేదో చూద్దామని. కొత్త పట్టీలు గద, బరువెందుకని.”

“బరువు లేకుంటే చక్రం నేలను పడతదా? నింపుకొద్దాం పా.”

నింపుకొచ్చినా అదే రాయి దగ్గర బండి తడబడింది.

“ఇంక జరంత బరువుంటే...” గొణిగాడతను.

ఆమె దిగి వెనక ఎక్కి కూర్చుంది. “లావైనవని రోజూ ఎక్కిరిస్తివి గద. గిప్పుడు పోనియ్యి!”

బండి గుర్రుమంటూ గుట్టెక్కేసింది.

“ఇగ నువ్వు సన్నబడొద్దే!” కిటికీలోంచి అరిచాడతను.