బిగుతైన తొడుగు

కోటు కొలత చూసుకోవడానికి వచ్చిన నర్సు, చేతికుట్టు వేస్తున్న మేనమామ వేళ్లవైపే చూస్తూ నిలబడిపోయింది.

"సూది గుచ్చుకుంటుంటే వేలికి ఇనప తొడుగు పెట్టుకోవేం, మామయ్యా?"

"పట్టడం లేదమ్మా. మూడోది కొన్నాను, అదీ బిగుతే. చేసేవాళ్లు ఇనుము దగ్గర కూడా పిసినారితనం చూపిస్తున్నారు."

"ఏదీ, రెండు చూపుడువేళ్లూ గోరుకి గోరు ఆనేలా కలిపి పెట్టు."

"ఆటలా? రేపటికి నీ కోటు కావాలా, వద్దా?"

"పెట్టు మామయ్యా. గోళ్ల మొదట్లో సన్నటి సందు కనబడాలి. నా వేళ్లు చూడు, వెలుతురు వస్తోంది."

"నాకు సందే లేదు. అదే కుట్టులో సందు లేకపోతే మెచ్చుకునేదానివి!" అంటూ నవ్వి, దగ్గాడు.

"నవ్వకు. పది వేళ్ల కొసలూ అలాగే ఉబ్బాయి. ఆ దగ్గు ఎన్నాళ్లనుంచి?"

"నూలు దుమ్మమ్మా. దర్జీకి దగ్గు మామూలే. దానికీ వేళ్లకీ ఏం సంబంధం?"

"ఊపిరితిత్తుల్లో ఏదైనా ఉంటే ఒక్కోసారి వేళ్లే ముందు చెబుతాయి. మొదటి తొడుగు ఎప్పుడు బిగుతైంది?"

"నీ పెళ్లి బట్టలు కుట్టేటప్పుడు."

ఆమె అతని చేతిలోంచి సూది తీసి పక్కన గుచ్చింది.

"నా కూతురికి నడక కూడా వచ్చేసింది, మామయ్యా. లే, చెప్పులేసుకో."